ఓటు కోసం నడిచిన బిందెలు

నా చిన్నప్పుడు మా వీధిలో ఏ ఆడమనిషినీ పేరుపెట్టి పిలవగా నేను వినలేదు. టైలరు భార్య, కరణంగారి కోడలు, బుజ్జిగాడి తల్లి, అంతే. విశాఖపట్నం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మా పట్నం తరఫున ఎమ్మెల్యేని ఎన్నుకోవడానికి అందరికీ ఓటిస్తున్నామంటూ ఇంటింటికీ వచ్చి జాబితా రాసుకున్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదని మా మామ్మతో సహా అందరూ తలుపు చాటు నుంచి ఫలానావారి ఇంటావిడనని రాయించారు.

తీరా బడి గోడకు అంటించిన జాబితాలో మా వీధి ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. సొంత పేరు లేనివాళ్ళని కొట్టేశారనీ, సరిచేసుకోవడానికి ఇంకొక్కరోజే గడువనీ పక్కింటి మాస్టారు చెప్పారు. మామ్మ ఆ పూట సరిగా అన్నం తినలేదు. తాతయ్య పోయాక ఇంట్లో ఆమెను ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. సర్కారు వచ్చి అడిగితే, తనే చేజేతులా పోగొట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే వీధంతా తిరిగింది. "మీరు నోరు విప్పక్కర్లేదర్రా. పుట్టింటివాళ్ళు పేరు కొట్టించి ఇచ్చిన ఇత్తడి బిందె పట్టుకు రండి, చాలు."

తొమ్మిదిమంది చంకన బిందెలతో మునిసిపల్ ఆఫీసుకు నడిచారు. వెనకాల నేను.

"కుళాయి ఆ సందు చివరుందమ్మా!" అని గుమాస్తా నవ్వాడు.

"నీళ్ళకి కాదు బాబూ, ఓటుకి. బిందె మెడ మీద పేరు చదివి రాసుకో."

ఒక్కొక్క బిందే తిప్పి చదివి రాసుకున్నాడు. చివర మామ్మ వంతు. "మీ బిందె మీద పేరే లేదేంటమ్మా?"

ఆమె పుట్టింటివాళ్ళకి బిందె పెట్టే స్తోమత లేదని అప్పుడే తెలిసింది నాకు. మామ్మ కొంగు సర్దుకుని, "అప్పలనరసమ్మ. రాసుకో" అంది, వరండాలో మగవాళ్ళందరికీ వినబడేలా.

ఆ ఎన్నికలో ఓటు వేసింది. తర్వాత మా నియోజకవర్గం రెండయింది. ఈమధ్య హద్దులు మళ్ళీ గీసి, దిక్కుల పేర్లతో నాలుగు చేశారు. బహ్రెయిన్‌లో, హూరాలోని మా అబ్బాయి ఇంట్లో కూర్చుని, నా డైరీలన్నీ ముందేసుకుని ఆ చరిత్ర రాస్తున్నాను.

ఇక్కడ శుక్రవారాలు తెలుగువాళ్ళం కలుసుకునేచోట హాజరు పట్టీ రాసే పని నాదే. మొన్న ఈ ఊళ్ళోదే జుఫైర్ పేట నుంచి కొత్తగా వచ్చినమ్మాయి, "రమేశ్ వాళ్ళావిడనని రాసేయండి ఆంటీ" అంది.

"అది తర్వాత రాస్తాను. ముందు నీ పేరు చెప్పు."

సిగ్గుపడి మొగుడివైపు చూసింది. వెనక వరసలో జనం ఆగారు. నేను మాత్రం తొందరపడలేదు. ఆమె తన నోటితో చెప్పేదాకా కలం ఎత్తే పట్టుకున్నాను.