లేపాక్షి కప్పు మీది చీరంచులు

నర్సీపట్నం ఆడపిల్లల హైస్కూల్లో కుట్టుపని నేర్పే దుర్గాంబకు ఏ పెళ్లికి వెళ్లినా పెళ్లికూతురి ముఖం గుర్తుండేది కాదు, చీర అంచు గుర్తుండేది. బజార్లో ముక్కూముఖం తెలియని మనిషిని ఆపి, "ఆ కొంగు ఒక్కసారి ఇలా తిప్పండమ్మా" అని అడగ్గల ధైర్యం ఆవిడది. 1979 వేసవిలో ఊళ్లోంచి యాత్రల బస్సు బయల్దేరుతోందని, తిరుపతి తరువాత లేపాక్షి కూడా చూపిస్తారని తెలియగానే మొదటి సీటు రాయించుకుంది. ఆ గుడి కప్పు మీద వందల ఏళ్లనాటి ఆడవాళ్ల బొమ్మలున్నాయని, ఒకరి చీర ఒకరి చీరలా ఉండదని ఎవరో చెప్పారు మరి.

గుడిలోకి రాగానే బస్సంతా వేలాడే స్తంభం చుట్టూ మూగి, దాని కింద తువ్వాళ్లు దూర్చడంలో పడింది. దుర్గాంబ మాత్రం తలెత్తి, ఆ బొమ్మల చీరంచులు నోటుపుస్తకంలో గీయడం మొదలుపెట్టింది. రెండు అంచులయ్యేసరికి మెడ పట్టేసింది. అటూ ఇటూ చూసి, చెంగు బిగించి, రాతి నేల మీద వెల్లకిలా పడుకుంది. చేతిలో ఒక పెన్సిలు, నోట్లో ఒక పెన్సిలు.

అదే బస్సులో వచ్చిన మాకవరపాలెం రైతు ఇల్లాలు అచ్చియమ్మ అటుగా వచ్చి కంగారుపడింది.

"ఏటి పంతులమ్మగారూ, ఏటైనాది? కళ్లు తిరిగినాయేటండి?"

దుర్గాంబ నోట్లో పెన్సిలుతోనే "ఊహూఁ" అని తల ఊపింది.

"ఓహో, మౌనమేటి!" అచ్చియమ్మ గొంతు తగ్గించింది. "ఇక్కడ ఇలాటి మొక్కుందని ఎవులూ సెప్పనేదు."

పక్కనే పడుకుని చేతులు జోడించింది. ఆమెను చూసి ఇంకొకామె. పావుగంటలో తొమ్మిదిమందయ్యారు. చివరి ఇద్దరూ అసలు ఈ బస్సువాళ్లే కాదు.

హారన్ కొట్టి కొట్టి విసిగిపోయిన డ్రైవరు గంగులు లోపలికొచ్చి, ఆ వరస చూసి నిలబడిపోయాడు.

"అమ్మా, పొద్దున్న తిన్న పులిహోర గానీ పడనేదేటి?"

దుర్గాంబ పెన్సిలు తీసింది. "అదేం కాదు గంగులూ, చీరంచులు గీసుకుంటున్నాను."

అచ్చియమ్మ మెల్లగా తల తిప్పింది. "అయితే మొక్కు కాదేటండి?"

"మొక్కని ఎవరన్నారు?"

అని చుట్టూ చూసిన దుర్గాంబకు అప్పుడు తెలిసింది, తన పక్కన ఎంతమంది పడుకున్నారో. ఇక తిట్లే అనుకుంది. కానీ అచ్చియమ్మ పొట్ట కదిలేలా నవ్వింది. ఆ నవ్వు వరసంతా పాకింది. ఎవరూ లేవలేదు.

"ఎలాగూ పడుకున్నాం గదా, సూద్దాం," అంది అచ్చియమ్మ. "అదిగో, పైన మూడో ఆవిడ సీరంచు సూడండి. మీరు దాన్ని గీయకుండా ఒగ్గీసినారు."

"ఇటు సూడండమ్మా, హంసలు!" అంది ఇంకొకామె. పడుకున్న ప్రతి మనిషికీ ఒక్కో అంచు నచ్చింది. దుర్గాంబ పేజీలు తిప్పుతూ గీసింది. "బేగి రండమ్మా" అని గొణుగుతున్న గంగులు కూడా కాసేపటికి తలెత్తి, "ఆ మూల పువ్వు కూడా గీసేసుకోండి" అన్నాడు. బస్సు గంటన్నర ఆలస్యంగా కదిలింది.

శ్రావణమాసంలో అచ్చియమ్మ జాకెట్టు గుడ్డతో నర్సీపట్నం వచ్చింది. తాను చూపించిన అంచే కావాలంది. దుర్గాంబ మూడు ఆదివారాలు కూర్చుని కుట్టింది. పేరంటంలో అందరూ ఏ కొట్లో కొన్నావని అడిగితే, "కొనడవేటి! కప్పు మీద ఎతికి నానే ఏరినాను," అందట అచ్చియమ్మ. పంతులమ్మ ఊసే ఎత్తలేదట.

ఆ సంగతి అచ్చియమ్మే ఇంకో జాకెట్టు గుడ్డతో వచ్చి గొప్పగా చెబుతుంటే, కోప్పడాలో నవ్వాలో తెలియక, దుర్గాంబ టేపు తీసి రెండో జాకెట్టుకు కొలతలు తీసుకుంది.