పల్లవికీ చరణానికీ నడుమ

బూర్గంపాడులో మా పక్కింటి తాత ఒకప్పుడు మద్రాసులో వందల సినిమా పాటలకు గిటారు వాయించాడు. ఆయన పేరు ఎక్కడా వేయలేదు. టీ హోటల్లో పాత పాట వస్తే, పల్లవి అయ్యేసరికి ఎడమ చేయి పైకి లేపేవాడు.

"గిప్పుడు ఇను బిడ్డా. గీ గిటారు నాదే," అనేవాడు. ఆ ముక్క అయిపోగానే చేయి దించి, చరణం వినకుండా లేచిపోయేవాడు.

కిందటి నెల ఆయన భద్రాచలం దవాఖానాలో ఉంటే, ఫోనులో ఆ పాటల్లో ఒకటి పెట్టాను. పల్లవి అయింది. దుప్పటిలోంచి చేయి లేచింది. కానీ అది ఎవరో ఈమధ్య మార్చి చేసిన పాట. గిటారు తీసేసి నేరుగా చరణంలోకి వెళ్ళిపోయారు.

"ఇంకా వస్తలేదేంది?" అన్నాడు.

"వస్తది తాతా," అన్నాను.

పాట అయిపోయింది. ఆయన చేయి దించలేదు.