ఫోటోలో కదిలిన వేళ్లు

దయ్యాలను, ఆత్మలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. భివండీలో మరమగ్గాలు బాగుచేస్తూ ముప్పై ఎనిమిదేళ్లు గడిపాను. మగ్గం ఆగిందంటే కారణం ఉంటుంది. ఆ కారణాన్ని ఆ రోజే డైరీలో రాసుకునేవాణ్ణి. ఈ సంగతీ రాసుకున్నాను, కారణం మాత్రం రాయలేకపోయాను.

పోయిన ఏడాది నా భార్య లక్ష్మికి మెదడులో రక్తం గడ్డకట్టింది. ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు ఆసుపత్రివాళ్లు. భివండీ పక్కనే టెంఘర్‌లోని మా ఇంట్లో పదకొండు రోజులు ఆమె కళ్లు తెరవలేదు. గిచ్చినా చెయ్యి కదపలేదు.

మాలో ప్రాణం పోయేముందు మనిషిని మంచం మీద నుంచి నేల మీదికి దించుతారు. దించాక మందులు, గొట్టంతో పోసే పాలు ఆపేస్తారు. పన్నెండో రోజు పొద్దున ఆమె అక్క పోశవ్వ, దించుదామంది. నేను సరేనన్నాను.

మా తమ్ముడి కూతురు స్వాతి ఫోటోగ్రాఫర్. చావుబతుకుల మధ్య ఉన్నవాళ్లను ఫోటోలు తీసి ముంబైలో ప్రదర్శనకు పెడుతుంది. దించేముందు ఒక్క ఫోటో తీసుకుంటానంది.

“సచ్చేటోళ్ల ఫోటోలు గోడకు పెడ్తవా? గిదేం చదువే?” అని పోశవ్వ సణిగింది.

స్వాతి లెన్సుకు నల్ల అద్దం బిగించి మూడు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచింది. అలా తీస్తే కదలనిది స్పష్టంగా, కదిలింది పొగలా పడుతుందట. అంతసేపూ ముగ్గురం మంచం పక్కనే నిలబడి లక్ష్మినే చూశాం. ఏమీ కదలలేదు.

ఫోటోలో ముఖం, దుప్పటి మడతలు స్పష్టంగా ఉన్నాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రం పొగలా ఉన్నాయి. కెమెరా లోపమనుకుని స్వాతి మళ్లీ తీసింది. ఈసారి వేళ్లూ స్పష్టంగానే వచ్చాయి.

పోశవ్వ మొదటి ఫోటోనే చాలాసేపు చూసింది. అక్కచెల్లెళ్లిద్దరూ ముప్పై ఏళ్లు ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుట్టినవాళ్లు.

“పోగు తెగితే గీ రెండు వేళ్లతోనే గిట్ల ముడేస్తది. ముడేస్తున్నదాన్ని నడుమల ఎట్ల లేపుతం?” అంది.

దించలేదు. పాలు, మందులు ఆపలేదు. ఆ తర్వాత ఆరో రోజు లక్ష్మి కళ్లు తెరిచింది. ఇప్పుడు చేతికర్రతో వరాలా తలావ్ చెరువు దాకా నడుస్తోంది.

కొందరు అలా కోలుకుంటారన్నాడు డాక్టరు. ముగ్గురి కళ్లకు కనబడని కదలిక కెమెరాకు ఎలా చిక్కిందో నాకు ఇప్పటికీ తెలియదు.

లక్ష్మి ఆ ఫోటోను పెద్దగా పట్టించుకోలేదు. తనను దించుదామన్నది ఎవరని మాత్రం అడిగింది. పోశవ్వ చాయ్ పెడతానంటూ వంటింట్లోకి పోయింది. సరేనన్నది నేనేనని ఒప్పుకున్నాను.

“ఇంకోపారి నన్నడిగి దించు,” అంది లక్ష్మి.