నూనె పళ్ళెం మీద చెక్కపొడి

యలహంకలో మా ఫ్లాటు వంటింటి వెనక బట్టలు ఉతికే చోటు ఒకటుంది. యుటిలిటీ అంటారు దాన్ని. మూడు వైపులా గోడ, ఒక వైపు ఇనుప కమ్మీలు. చేతులు చాపితే ఇటు గోడ, అటు వాషింగ్ మెషిన్ తగులుతాయి. నా చెక్కడం మిషను పెట్టుకోవడానికి ఈ ఇంట్లో నాకు దొరికిన జాగా అంతే. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే, మోటారుకు బిగించిన సన్నని ఉలి గిర్రున తిరుగుతూ దాన్ని కొయ్య మీద చెక్కుతుంది.

బతుకంతా చిక్కపేటలో ఇనుప సామాన్ల అంగట్లో నిలబడ్డవాణ్ణి. బడికి పోయింది తక్కువ. డ్రిల్లు పెట్టెల మీది రాతలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. అంగడి మానేశాక, ఇన్నేళ్లూ ఇతరులకు అమ్మిన పనిముట్లలో ఒక్కటైనా నాకోసం ఉండాలని ఈ మిషను కొన్నాను. ఆశ అంతే.

మా ఆవిడకు ఆయాసం పాతదే. మిషను వచ్చాక ఎక్కువైంది. ఇంట్లో దుమ్ము ఉండకూడదని డాక్టరు చెప్పిన రోజు మా అబ్బాయి చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు.

"నాయనా, అమ్మ ఊపిరి ముఖ్యమా, మీ బొమ్మలు ముఖ్యమా? దసరా లోపల దుమ్ము ఆపండి. లేదంటే మిషన్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేస్తా, ఎవురైనా ఎత్తకపోతారు."

ఎత్తుకుపోతారట! వీడి చిన్నప్పటి బొంగరం చెక్కింది ఈ చేతులు కాదా? ఆ మాట నోటిదాకా వచ్చింది. లోపల ఆవిడ దగ్గు వినబడి మింగేశాను.

"మీరిద్దరూ అరిచేది వద్దు. పళ్ళెం చెప్తాది" అని ఆవిడ ఒక స్టీలు పళ్ళేనికి పలచగా నూనె రాసి హాల్లో టీవీ పక్కన పెట్టింది. సాయంత్రం మిషను ఆపాక దాన్ని తెచ్చి లైటు కింద వంచింది. నూనె నిండా సన్నని గోధుమరంగు పొర.

"రాగిపిండి జల్లెడ పట్టినట్ల ఉండాది చూడండి. ఇదే కదా నా ఛాతీలోకి పొయ్యేది."



చేయనిది లేదు. ఉలి పక్కన వాక్యూం గొట్టం బిగించాను. తలుపుల కింద కొట్టే బ్రష్షు పట్టీ తెచ్చి ఉలి చుట్టూ లంగాలాగా కట్టాను. గొట్టం దారిలో మూత ఉన్న బకెట్టు పెడితే పెద్ద పెచ్చులన్నీ బుద్ధిగా అందులో పడ్డాయి. మెత్తటి పొడి మాత్రం మాట వినలేదు. వీడియోల్లో పెద్దమనుషులందరిదీ ఒకటే పాట, ఇంకా పెద్ద వాక్యూం కొనమని. వాళ్ళ వెనక కారు పట్టేంత షెడ్డు, బార్లా తెరిచిన షట్టరు. నా వెనక వాషింగ్ మెషిన్. వాళ్ళకేం, ఎన్నైనా చెబుతారు!

వాక్యూం వదిలే గాలిని కమ్మీల్లోంచి బయటికి పంపి చూశాను. కింది ఇంటావిడ తడి దుప్పటి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "ఏన్రీ తాతా, నమ్మ బట్టె మేలె హిట్టు చెల్తీరా?" మా బట్టల మీద పిండి చల్లుతున్నారా అని. ఆ దారీ మూసుకుంది. కమ్మీలకు ప్లాస్టిక్ పట్టా కట్టాను. తలుపు కింద సందులో తడి తువ్వాలు కుక్కాను. ముక్కుకు మాస్కు, ఒళ్ళంతా చెమట, పైన విమానాల మోత. అంత చేసినా పళ్ళెం మీద పొర పోలేదు.

అలాగే ఆయుధపూజ వచ్చేసింది. మిషనును తుడిచి పెట్టాను. ఉలి తీసేసి ఉంది. ఆవిడ పసుపు కుంకుమ పెట్టి, అరటిపండుకు ఊదుబత్తి గుచ్చి బ్రష్షు పక్కనే పెట్టింది.

"ఒకసారి తిప్పండి. దానికీ తెలియాల, ఇది పండగని. వచ్చే పండక్కి ఉంటాదో లేదో."

మోటారూ వాక్యూమూ రెండూ వేశాను. పొగ నేరుగా గొట్టంలోకి పోతుందనుకున్నాను. పోలేదు. మోటారు దగ్గర వంగి కిందికి దిగింది, బల్లను కొట్టుకుని, బ్రష్షు సందుల్లోంచి నాలుగు దిక్కులకూ పారింది.

ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఊదేది ఊదుబత్తి కాదండీ. మీ మోటారే ఊదతా ఉండాది."

మోటారు తను చల్లబడడానికి లోపల ఒక ఫ్యాను పెట్టుకుంటుంది. ఆ గాలి కిందికి, సరిగ్గా ఉలి మీదికి కొడుతుంది. ఇటు గొట్టం పీల్చేలోగా అటు అది ఊదేస్తోంది. పెద్ద వాక్యూం కొనమన్న ఒక్క పెద్దమనిషీ ఈ ముక్క చెప్పలేదే!

ఆ గాలిని ఆపకూడదు, ఆపితే మోటారు కాలుతుంది. దారి మళ్ళించాలి. మర్నాడు ఐస్‌క్రీం డబ్బా మూతకు మోటారు పట్టేంత రంధ్రం కోసి, గాలి రంధ్రాల కింద గొడుగులా బిగించాను. గాలి పైనే పక్కలకు తిరిగిపోయింది. కింద ఉన్న పొడి గొట్టానికి దొరికింది.

ఆ రోజు ఆవిడ రెండు పళ్ళేలు పెట్టింది, ఒకటి హాల్లో, ఒకటి నా స్టూలు పక్కన. సాయంత్రం అద్దాలు పెట్టుకుని హాల్లోదాని మీద వేలితో గీసింది. వేలికి నూనె తప్ప ఏమీ అంటలేదు. స్టూలు పక్కనదాని మీద మాత్రం పలచగా పొర ఉంది.

"మిషను ఉండనీ. అయితే తలుపు తెరవొద్దు. అది ఆగినాక కూడా, దుమ్ము దిగేదాకా మీరూ లోపలే ఉండండి."

అబ్బాయి గడపలో నిలబడి, "మిషనుకు బెయిలు దొరికింది నాయనా, జైలు మీకే" అన్నాడు.

నవ్వు రాలేదు. వాడన్నది అబద్ధం కూడా కాదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు అలాగే గడుస్తున్నాయి. మోటారు ఆపుతాను. మాస్కు తియ్యను. తువ్వాలు కుక్కిన తలుపుకు చెవి ఆనించి, అవతల దగ్గు వినబడుతుందేమోనని కాచుకుంటాను. గిన్నెల చప్పుడు వస్తుంది, కాఫీ వాసన వస్తుంది. దగ్గు రాదు. పొడి దిగేదాకా స్టూలు మీద కూర్చుంటాను. కాఫీ చల్లారిపోతుంది.