మంట, లాగుడు, పోటు

"మెట్ల మీద నడుము పట్టేస్తే పిల్ల చేతుల్లోంచి జారిపోతుంది."

తమూనా ఈ మాట భర్తతో రోజుకు మూడుసార్లయినా అనేది. జర్మనీలోని హాలె నగరంలో వాళ్ళది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఏడు నెలల పాప ఎనిమిది కిలోలు. జార్జియాలో రసాయన శాస్త్రం చదివి వచ్చిన మనిషి కనుక ఆమె భయానికి లెక్కలు కూడా ఉండేవి: డెబ్భై రెండు మెట్లు, రోజుకు నాలుగుసార్లు. కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు. చివరికి వీధి చివరి క్రీడా సంఘంలో, గురువారం నడుము వ్యాయామాల తరగతికి పేరిచ్చింది.

ఆ తరగతి నడిపేది హైడ్రూన్. డెబ్భై ఒక్కేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు ట్రాము నడిపి నడుము పాడుచేసుకుని, మళ్ళీ దాన్ని ఓపిగ్గా దారికి తెచ్చుకున్న మనిషి.

తరగతిలో పనికొస్తాయని తమూనా పాపకు పాలిస్తూ జర్మన్ వాక్యాలు వల్లించింది. "వీపు నిటారుగా", "ఊపిరి వదులు", "ఇంకో ఐదు". అన్నిటికన్నా బాగా వంటబట్టింది "గేట్ షోన్". పర్లేదు, కానిద్దాం అని.

మొదటి గురువారం తమూనా "మీరు..." అని మొదలుపెట్టగానే హైడ్రూన్ చెయ్యెత్తింది.

"హాల్లో 'మీరు' లేదమ్మాయ్. అందరం 'నువ్వే'. మీరంటే పది గుంజీళ్ళు ఎక్కువ."

"జాగ్రత్త, ఆవిడ నిజంగానే తీయిస్తుంది," అన్నాడు వెనక నుంచి ఎకార్ట్ అనే పాత పోస్ట్‌మ్యాన్.

తల్లికన్నా పెద్దామెను నువ్వనడానికే తమూనాకు నోరు రాలేదు. ఇక కాదనడం ఎక్కడ! ఎలా ఉందని అడిగినప్పుడల్లా "గేట్ షోన్" అంది. హైడ్రూన్ ఆ ఊరి మనిషి, అక్కడివాళ్ళలాగే అన్న మాటను అన్నట్టే నమ్ముతుంది. వారంవారం బరువు పెంచింది. మూడో గురువారం ఆరు కిలోల ఇనుప గుండు ఎత్తబోయి తమూనా అక్కడే చతికిలబడింది.

"ఎప్పట్నుంచి నొప్పి?"

"మొదటి రోజు నుంచి."

"మరి పర్లేదన్నావు?"

"మర్యాదకి..."

"తగలెయ్య నీ మర్యాద! నీ నడుంలోకి దూరి చూస్తానా నేను?" హైడ్రూన్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. "మండుతోందా, లాగుతోందా, పొడుస్తోందా? మండితే కానిచ్చెయ్. లాగితే తగ్గించు. పొడిస్తే ఆగు."

ఆ మూడు జర్మన్ మాటలూ తమూనా వల్లించిన వాక్యాల్లో లేవు. చివరిదాన్ని, పొడుస్తోందన్న మాటను, తడబడుతూ పలికింది. "ష్టిష్ట్. ఎడమ పక్క, కింద."

"అదీ! ఇప్పుడు చెప్పావు."

"పాపను పడేస్తానేమోనని భయం," అంది తమూనా, కళ్ళు తుడుచుకుంటూ.

అలాంటిదేం జరగదని హైడ్రూన్ అనలేదు. "ఇలాగే నోరు మూసుకుని ఉంటే పడేస్తావు. నేనూ ఓర్చుకున్నా. ఓ రోజు బ్రేకు మీదికి వెళ్ళాల్సిన కాలు కదల్లేదు. ట్రాము నిండా జనం. ఏమీ కాలేదు, నా అదృష్టం. ఓర్చుకోవడం బలం కాదే పిల్లా. పొడిచిన క్షణమే చెప్పు. ఎక్కడో కూడా చెప్పు. చెబితేనే కదా ఎవరైనా అందుకునేది!"

మర్నాడు పొద్దున్నే తమూనా భర్తను తట్టి లేపింది. "పొడుస్తోంది. ఎడమ పక్క, కింద. పాపను నువ్వెత్తుకో."

భయం పూర్తిగా పోలేదు. కానీ పొడిస్తే పొడుస్తోందని చెప్పడం ఇప్పటికీ మానలేదు.