పెద్దల ముందు పడే విమానం

అర్హిన్ తాత పోసిన సారాయి మహిమ వల్లే క్వామెనా విమానం ఎగిరిందని మా ఊళ్ళో అందరూ చెబుతారు. నేలమీద నాలుగు చుక్కలు పోసి పూర్వీకుల్ని పిలిచాడట, వాళ్ళొచ్చి రెక్కలు పట్టుకున్నారట.

క్వామెనా ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. చేపల పెట్టెల థర్మాకోల్ కోసి, మూరెడు పొడవు రిమోట్ విమానం చేశాడు. రెక్కలు పొట్టి, చక్రాలు లేవు, వేగం మాత్రం గద్దకి కూడా ఉండనంత. చేత్తో విసిరితేనే లేస్తుంది. అమ్మా నేనూ పులిసిన మొక్కజొన్న పిండి ఉడికించిన కెంకే ఉండలు అమ్మేది ఫుట్‌బాల్ మైదానం అంచునే కాబట్టి నాకు అన్నీ కనిపిస్తాయి. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు అది ఈల వేస్తూ కొబ్బరిచెట్ల మీంచి పోయేది. సాయంత్రం పెద్దలు కుర్చీలు వేసుకుని కూర్చున్నారా, ముక్కు నేలలో గుచ్చుకునేది.

"మనుషులకంటే దానికే మర్యాద తెలుసు, పెద్దలు కనబడగానే కాళ్ళమీద పడుతుంది," అనేది అమ్మ.

మూడోసారి పడుతూ అది అర్హిన్ తాత టోపీని పట్టుకుపోయింది. మైదానం మీద మాట ఆయనదే.

"శనివారం ఇంకొక్కసారి చూస్తానురా. పడిందా, ఇక దాన్ని ఇక్కడికి తేవద్దు," అన్నాడు.

మా ఊళ్ళో మిగిలినదంతా చెట్లూ, సముద్రమే. మైదానం పోతే విమానాన్ని గోడకు తగిలించుకోవలసిందే.

క్వామెనా ముక్కు చెక్కాడు, తోక మార్చాడు, గాలిని తిట్టాడు. శుక్రవారం కెంకేకి వచ్చినప్పుడు, మిరపకాయ పచ్చడి వంకే చూస్తూ చెప్పాను.

"అన్నా, పొద్దున నువ్వు ఎడమ చేత్తో విసురుతావు. సాయంత్రం కుడి చేత్తో."

చేపముక్క నోటిదాకా వెళ్ళి ఆగింది. రిమోట్‌లో విమానాన్ని తిప్పే మీట కుడివైపుది. కుడి చేత్తో విసిరి, వేలు మళ్ళీ మీట మీదికి తెచ్చేలోపే ఆ పొట్టి రెక్కలది నేల చేరుతుంది.

"పెద్దల ముందు ఎడమ చెయ్యి ఎత్తమంటావా? మా అమ్మ ఆ చెయ్యి విరిచి పొయ్యిలో పెడుతుందే!"

"అడిగి ఎత్తు. కుడి చెయ్యి పిండిలో ఉన్నప్పుడు నేను 'ఎడమకు మన్నించండి' అనే కదా అందిస్తాను?"

"ఓసినీ! నీకు మాటలు కూడా వచ్చా!"

శనివారం కుర్చీల ముందు వంగి నిలబడ్డాడు.

"తాతా, ఎడమకు మన్నించండి."

"దేనికిరా? నాకేమన్నా ఇస్తున్నావా?"

"లేదు తాతా. విసరాలి."

"సరే. నేను నా మేకను చూసుకుంటాను," అని అర్హిన్ తాత ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మిగిలిన పెద్దలూ ఆ మేకనే చూశారు. అంతమంది ఒక్కసారిగా చూసేసరికి మేక బెదిరి మేత మానేసింది.

క్వామెనా విసిరాడు. ఈల వినపడగానే తలలన్నీ ఆకాశంవైపు లేచాయి. విమానం రెండు గోల్‌పోస్టుల్నీ చుట్టి, సముద్రం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి పొట్ట మీద జారుతూ గడ్డిలో ఆగింది.

"మైదానం వాడుకోరా," అన్నాడు తాత. అన్నాకే సారాయి సీసా తెప్పించాడు. ఆయన చుక్కలు పోసేటప్పటికి విమానం క్వామెనా చంకలో ఉంది.