కోదాడ బస్సులో తువ్వాల

జడ్జి సెలవులో ఉన్నాడట. సూర్యాపేట కోర్టు వరండాలోకి గుమాస్తా వచ్చి, విడాకుల కేసుకు వచ్చే నెల వాయిదా తేదీ చెప్పి పోయాడు. ఇరవై ఆరేళ్ల కాపురం ఇంకో నెల బతికిందనుకుంటే నాగమణికి నవ్వొచ్చింది.

ఆమె కోదాడలో అంగన్‌వాడీ టీచర్. భర్త జగదీష్ మిర్యాలగూడలో రైస్‌మిల్లు బాయిలర్ దగ్గర పని చేస్తూ ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. కొట్టలేదు, తాగలేదు. ఏదీ అడగలేదు, అంతే. గోడల రంగైనా, బిడ్డ సంబంధమైనా తనే ఖాయం చేసి వచ్చి చెప్పేవాడు. విడాకులకు కారణమేమిటని కౌన్సెలింగ్‌లో మేడమ్ అడిగితే, "ఒక్కనాడన్నా నీకేం గావాలె అని అడగలే" అంది నాగమణి. అదొక కారణమా అన్నట్టు మేడమ్ పెన్ను మూసింది. జగదీష్ మాత్రం తల వంచుకున్నాడు. ఏడాదిగా అతను ఇంటికి రావడం లేదు.

బస్టాండుదాకా ఇద్దరూ నడిచే వచ్చారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంతో. మబ్బు వెనక ఎండ పసుపు కలిపిన పాలలా మెత్తగా ఉంది. కోదాడ బస్సు మలుపు తిరిగిందో లేదో, జగదీష్ పరుగెత్తాడు. జనంలోంచి చేయి చాచి, భుజం మీది తువ్వాలను కిటికీలోంచి సీటు మీదికి విసిరాడు. పెళ్లయిన నాటి నుంచీ అంతే. ఇద్దరికీ సీటు ఆపేవాడు, కిటికీ పక్కన తనే కూర్చునేవాడు. తాను ఎక్కాల్సింది మిర్యాలగూడ బస్సని విసిరాక గుర్తొచ్చినట్టుంది, ఖాళీ భుజం తడుముకుంటూ నిలబడ్డాడు.

నాగమణి ఎక్కి తువ్వాల తీసింది. ఊక పొగ వాసన. అలవాటుగా ఇవతలి వైపే కూర్చుంది. తువ్వాల కోసం ఎక్కిన జగదీష్ ఆమె దగ్గర ఆగాడు.

"కిటికీ కాడ కూసుంటవా?" అన్నాడు మెల్లగా.

ఆమె జరిగింది. గాలి ముఖం మీద చెయ్యి వేసినట్టయింది. ఇన్నేళ్లూ ఈ చోటు అతనికెందుకో తానూ అడగలేదని అప్పుడు తోచింది. అడిగింది.

"వారమంత బాయిలర్ సెగల ఉంట గదా. జర గాలికి" అన్నాడు. చెప్తే నవ్వుతుందనుకున్నాడట.

కండక్టర్ వచ్చాడు. నాగమణి ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"నీకు యాడిదాక తీసుకోవాలె?"

"నన్నడుగుతున్నవా?"

"ఇంకెవలున్నరు గీడ?"

జగదీష్ ఆమె పక్కన కూర్చుని కోదాడకు టికెట్ తీసుకున్నాడు. దారిలో వచ్చే మునగాల దాకా కిటికీ తనదనీ, అక్కణ్ణుంచి అతనిదనీ ఆమె తేల్చింది. బస్సు కదిలాక, వాయిదాకు వస్తావా అని అడిగాడు.

"ఆదివారం ఇంటికి రా. గప్పుడు చెప్త" అంది నాగమణి, తువ్వాలను మడత పెట్టి ఒళ్లో ఉంచుకుంటూ.